నీళ్ళు చూపించే పొగ

నల్లబండపల్లె శివప్ప పైపు తాగడం చూడాలంటే ముందు కాస్త ఓపిక తెచ్చుకోవాలి. బీడీ తాగేవాడికి ఆ బాధ లేదు. పుల్ల గీస్తాడు, నాలుగు దమ్ములు లాగుతాడు, పీక పారేసి పనిలోకి పోతాడు. శివప్ప మాత్రం అరుగు మీద కుదురుగా కూర్చుని రేకు డబ్బా మూత తీస్తాడు. లోపల పొగాకు తురుములా ఉండదు. నల్లగా, కొంచెం జిగటగా, సన్నగా కోసిన బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక బిళ్ళ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. తరువాత దాన్ని ఎడమ అరచేతిలో వేసి కుడి అరచేతితో నలుపుతాడు. పొడి కాకూడదు, ముద్దగానూ ఉండిపోకూడదు, పోగులు పోగులుగా విడిపోవాలి. కంబదూరు చుట్టుపక్కల గాలి సంగతి తెలిసిందే, తడిగుడ్డ దండెం మీద వేసి వెనక్కి తిరిగేలోగా ఎండిపోతుంది. అందుకని నలిపిన పొగాకును గుప్పిట్లోనే దాచిపెట్టి, ఎంత ఆరాలో అంతే ఆరనిస్తాడు.

ఆపైన నింపడం. పైపు గిన్నె అడుగున వదులుగా, నడుమ కొంచెం బిగువుగా, పైన గట్టిగా. మొదటి పుల్ల గీసి పైపైన కాల్చి ఆర్పేస్తాడు. పైకి ఉబ్బిన పొగాకును బొటనవేలితో అణుస్తాడు. రెండో పుల్లకు గాని అసలు పొగ రాదు. ఆ తరువాత గంటసేపు శివప్ప నోట మాట రాదు.

"మా యింట్లో దేవునికి గూడ ఇంత పూజ ల్యాదు" అనేది ఆయన భార్య రామక్క, సంగటి గెలుకుతూ.

ఈ విద్య ఆయనకు ఊళ్ళో అబ్బింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి, ఎడారి దేశాల్లో ఒక తెల్ల కెప్టెన్ దగ్గర నాలుగేళ్ళు ఆర్డర్లీగా పనిచేశాడు. యుద్ధం అయిపోయినాక ఆ దొర తన పాత పైపు శివప్ప చేతిలో పెట్టి, ఒకే ఒక్క మాట చెప్పి పడవెక్కాడు: దీన్ని పీల్చకు, దీని పక్కన కూర్చో. పీల్చేకొద్దీ నాలుక కాలుతుంది, తల తిరుగుతుంది. ఆరిపోతుందేమో అనిపించేంత నిదానంగా తాగితేనే అది రుచి చెబుతుంది. శివప్ప ఆ మాటను వేదంలా పట్టుకున్నాడు. బెంగుళూరులో సైన్యం ఉండే దండు బజారులో దొరల పొగాకు అమ్మే అంగడి ఒకటుండేది. లారీ నడిపే కుళ్ళాయప్ప మూడు నెలలకొకసారి అక్కడినుంచి ఒక డబ్బా తెచ్చి ఇచ్చేవాడు.

ఇంతవరకూ ఇది ఒక మనిషి ముచ్చట. దీన్ని ఊరి ముచ్చట చేసింది వెంకటప్ప బావి.

1952లో వెంకటప్ప తన చేలో బావి ఎక్కడ తవ్వాలా అని నలుగురిని పోగేసి వాదులాడుతుంటే, శివప్ప ఓ పక్కన రాయి మీద కూర్చుని పైపు తాగుతున్నాడు. వాళ్ళ వాదన తెగలేదు, ఈయన పైపు అయిపోయింది. లేచి, పైపు కాడతో ఒక మూలకు చూపించి, "ఆడ తవ్వి సూడరాదా" అని ఇంటికి పోయాడు. ఎనిమిది గజాల్లో నీళ్ళు పడ్డాయి. మరుసటి ఏడు ఇంకొకరి చేలో, ఆ పై ఏడు మరొకరి చేలో అలాగే పడ్డాయి. దాంతో చుట్టుపక్కల పది పల్లెల్లో శివప్ప పేరు మోగిపోయింది. శివప్ప కళ్ళకు ఆ పేరు రాలేదు, ఆయన పైపు పొగకు వచ్చింది. దొర చిలుం పొగ నీళ్ళున్న చోటికి వంగుతుందని జనం తేల్చేశారు.

నాలుగో బావి పడలేదు. ఆ రోజు శివప్ప పొద్దున్నే టీ తాగి వెళ్ళాడు. అదే కొంప ముంచిందన్నారు. అప్పటినుంచి నీళ్ళు చూపించేవాడు పరగడుపున ఉండాలని నియమం పుట్టింది. తూర్పుకు తిరిగి కూర్చోవాలనీ, పక్కన టెంకాయ పెట్టాలనీ మరో రెండు నియమాలు ఎవరు పుట్టించారో తెలియదు. శివప్ప మొదట్లో ఒకటి రెండుసార్లు "పొగ కాదప్పా" అన్నాడు. ఎవరూ వినలేదు. ఆ తరువాత అనడం మానేశాడు. నిజం చెప్పాలంటే, బండి కట్టుకుని వచ్చి పిలుచుకుపోతుంటే ఎవరికి బాగుండదు?

1958 చివర్లో కుళ్ళాయప్ప వట్టి చేతులతో వచ్చాడు. "దొరల సీమ సరుకులు సర్కారు ఆపేసినాదంట, ఇంగ రావన్నా. అంగడాయప్ప నాకు పెట్టెలు తెరిచి సూపిచ్చినాడు, అన్నీ ఖాళీ" అన్నాడు. శివప్ప దగ్గర సగం డబ్బా ఉంది. రోజుకొకటి తాగే పైపును వారానికి రెండు చేశాడు. అయినా శివరాత్రి నాటికి డబ్బాలో వాసన తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడప్పుడూ మూత తీసి ఆ వాసనే చూసుకుని మూసేసేవాడు. ఆ రోజుల్లో రామక్క ఆయనతో ఏమీ వాదం పెట్టుకోలేదు. మనిషి మొహం చూస్తే ఆమెకే జాలేసింది.

సరిగ్గా ఆ వారంలోనే అక్కమ్మ వచ్చింది.

అక్కమ్మది ఊరి పడమటి పక్కన మూడెకరాల ఎర్రనేల. మొగుడు పోయి పదకొండేళ్ళు. రెండేళ్ళుగా వానలు ముఖం చాటేసి, వేసిన శెనక్కాయ వేసినట్టే మాడిపోయింది. ఆమె అరుగు కింద నిలబడి చెప్పింది.

"ఎద్దుల్ని అమ్మేసినా శివప్పన్నా. బాయి తవ్వించల్లని. ఆంజినప్పకి అంతా ముందే ఇచ్చేసినా. నీళ్ళు పడితే చేను నిలుస్తాది. పడకపోతే ఇంగ ఎద్దులూ ల్యావు, సేద్యమూ ల్యాదు. బళ్ళారి పక్క కూలికి పోవల్ల. నువ్వొచ్చి పొగ పెట్టల్లన్నా."

శివప్ప రేకు డబ్బా మూత తీసి ఖాళీ అడుగు చూపించాడు. పొగాకు అయిపోయిందని చెప్పాడు, అయినా తావు చూపిస్తానని మాటిచ్చాడు. బావులు తవ్వే మేస్త్రీ ఆంజినప్పను పిలిపించి, ఈసారికి పొగ లేకుండానే చూద్దామన్నాడు. ఆంజినప్ప మంచివాడే, బండను వేలితో తట్టి దాని వయసు చెప్పగలవాడు, కానీ ఈ ఒక్క విషయంలో కదల్లేదు.

"పొగ ల్యాకుండా మా వాళ్ళు గడ్డపార యెయ్యరన్నా. నేను చెప్పినా యెయ్యరు. ఆయమ్మ దుడ్లకి అయ్యేది ఒకే బాయి. రెండో బాయి తవ్వించుకునే శక్తి ల్యాదు. ఏటికొచ్చిన తంటా?"

చుట్టతో సరిపెడదామని శివప్ప ఒకరోజు అక్కమ్మ చేలోకి పోయి కూర్చున్నాడు. చుట్ట గబగబా కాలిపోయింది. ఇంకొకటి. మూడోది. దగ్గు వచ్చింది, కాళ్ళు నిలవలేదు, లేచి అటూ ఇటూ తిరిగాడు. నేల నేలలాగే కనబడింది, రాళ్ళు రాళ్ళలాగే. ఆ రోజు ఇంటికి నడుస్తూ శివప్ప తనకే తెలియని సంగతి ఒకటి తెలుసుకున్నాడు. నీళ్ళు చూపించింది పొగ కాదు, తన తెలివీ కాదు. ఒక్కచోట గంటసేపు నోరు మూసుకుని కూర్చుంటే కళ్ళు వాటంతటవే చూస్తాయి. ఎక్కడ గరిక ఇంకా పచ్చగా ఉంది, చీమలు ఎటు నుంచి ఎటు పోతున్నాయి, పుట్ట ఎక్కడ లేచింది. అలా కూర్చోబెట్టింది ఆ పైపే. అది లేకపోతే తాను కూడా అందరిలాంటి తొందర మనిషే.

ఈ సంగతి తెలిశాక ఆయనకు భయం వేసింది. అక్కమ్మకు ఇచ్చిన మాట ఉంది. వానలు పడితే తవ్వడం కుదరదు. చేతిలో మూడు నెలలున్నాయి. సరే, దొరల పొగాకు సీమ నుంచి రాకపోతే నల్లబండపల్లెలోనే పుట్టిస్తానని బయలుదేరాడు.

ఎలా చేస్తారో ఆయనకు కొంచెం తెలుసు. ఎడారిలో ఒకసారి డబ్బాలు రాక రెండు నెలలు ఆలస్యమైతే, కెప్టెన్ దొర ఆకులు కొని, ఓడల్లో పనిచేసేవాళ్ళ పద్ధతిలో సొంతంగా చేసుకున్నాడు. ఆకును తడిపి, గుడ్డలో చుట్టి, తాడుతో ప్రాణం పోయేలా బిగించి, వారాల తరబడి అలాగే ఉంచడం. గాలి చొరబడని ఆ బిగువులో ఆకు తన పచ్చి వాసన వదిలేసి నల్లబడుతుంది. గట్టిగా అచ్చు కట్టింది గనక నిదానంగా కాలుతుంది.

కల్యాణదుర్గం పోయి మల్లికార్జునయ్య అంగట్లో పొగాకు అడిగాడు. ఏ రకం కావాలన్నాడు అంగడాయన.

"ఉండేదాంట్లో శానా ఘాటుది ఇయ్యప్పా."

"ఇది నమిలేవాళ్ళ ఆకు శివప్పా. దీన్ని కాల్చరు. కాలిస్తే తల ఉండదు" అన్నాడు మల్లికార్జునయ్య. శివప్ప నవ్వి ఆ ఆకే కట్ట కట్టించుకుని వచ్చాడు. యుద్ధం చూసి వచ్చినవాడికి ఆకు ఒక లెక్కా!

ఆకుల ఈనెలు తీయడం, మరిగే కుండ మీద గుడ్డ కట్టి ఆ ఆవిరికి ఆకును మెత్తబరచడం రామక్క పని. బెల్లం నీళ్ళు చిలకరించడం శివప్ప పని. బెల్లం విషయంలో చెయ్యి కొంచెం జారింది. చుట్టి, కట్టి, గది మూలలో పెట్టిన ఎనిమిదో నాటికి ఊళ్ళో ఉన్న చీమలన్నీ ఆ మూలకే కాపురం వచ్చాయి. విప్పి చూస్తే గుడ్డ మిగిలింది, లోపల బొక్కలు పడిన ఆకు మిగిలింది.

"పండగ చేసుకున్యాయి పాపం" అంది రామక్క. నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

రెండోసారి బెల్లం తగ్గించారు. ఈసారి తాడు బిగించడానికి ఆంజినప్పే వచ్చాడు. బండలకు మోకు కట్టి బావిలోనుంచి పైకి లాగేవాడికి బిగింపు గురించి ఒకరు చెప్పాలా? కిత్తనార తాడు ఒక కొన గుంజకు కట్టాడు. రెండో కొనను ఆకు చుట్టకు వేసి, తాడు మీద తన బరువంతా వేస్తూ, చుట్టను దొర్లిస్తూ గుంజ దాకా వచ్చాడు. తాడు వరసలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కూర్చున్నాయి.

"ఇంత బిగిస్తే రాయి గూడ నీళ్ళు కక్కల్ల" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

వారానికొకసారి వచ్చి విప్పి మళ్ళీ బిగించేవాడు. ఆ చుట్టను నేలకు అందకుండా దూలానికి వేలాడదీశారు. ఉగాది వచ్చింది, పోయింది. మధ్యమధ్యలో అక్కమ్మ వచ్చి అరుగు కింద కూర్చునేది. దూలం కేసి ఓ చూపు చూసి వెళ్ళిపోయేది. ఆ చూపు శివప్పకు రాత్రిళ్ళు కూడా గుర్తొచ్చేది.

అయిదు వారాలకు విప్పారు. లోపల ఆకులు ఆకులుగా లేవు, అన్నీ కలిసి ఒకే నల్లటి కడ్డీ అయిపోయాయి. కత్తిపీట మీద సన్నగా కోస్తే బిళ్ళ చెదరకుండా వచ్చింది. శివప్ప దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దొర డబ్బా వాసన కాదు అది. ఎండిన అంజూరు, కాలిన బెల్లం, కొంచెం తోలు. అయినా మనసుకు నచ్చింది. రామక్క కూడా వాసన చూసి, "బాగానే ఉండాది" అంది. పదమూడేళ్ళలో ఆమె పొగాకు గురించి అన్న మంచి మాట అదొక్కటే. ఇంట్లో ఓ దమ్ము తాగి చూడమన్నారెవరో. వద్దన్నాడు. మొదటి పైపు అక్కమ్మ చేలోనే, అని పట్టు పట్టాడు.

మరునాడు పొద్దెక్కే వేళకు చేలో అంతా సిద్ధం. ఆంజినప్ప, అతని మనుషులు అయిదుగురు, గడ్డపారలు, టెంకాయ. శివప్ప ముందు రోజు సాయంత్రం నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తూర్పుకు తిరిగి కూర్చుని, నలిపి, నింపి, రెండో పుల్ల గీశాడు.

మొదటి పొగ నోట్లోకి రాగానే ఆయన కళ్ళు చెమర్చాయి. ఎంత రుచి! ఎన్నాళ్ళకు! ఘాటు నాలుక మీద గట్టిగా కూర్చుంది, వెనకనే తీపి వచ్చింది. ఆ సంతోషంలో కెప్టెన్ దొర చెప్పిన మాట గాలికి పోయింది. ఆకలిగొన్నవాడు అన్నం మీద పడినట్టు ఒకదాని వెంట ఒకటి దమ్ము లాగేశాడు. చేను వైపు చూడనే లేదు. పది నిమిషాలయ్యేసరికి నుదుటి మీద చల్లటి చెమట పట్టింది. దూరాన గుట్ట రెండు గుట్టలైంది. నీడలోకి పోదామని లేచి నాలుగడుగులు వేశాడు. అయిదో అడుగుకు బోర్లా పడిపోయాడు.

ఆయన చెవులకు చివరగా వినబడింది ఆంజినప్ప కేక.

"పడినాయి! నీళ్ళు పడినాయిరా! పొగ మనిషినే పడేసినాదంటే కింద ఏరే పోతాండాది!"

ఆ వెంటనే ఆయన తల పక్కనే టెంకాయ పగిలింది.

కళ్ళు తెరిచేసరికి శివప్ప అక్కమ్మ కొట్టంలో చాప మీద ఉన్నాడు. తల మీద తడిగుడ్డ. అక్కమ్మ గిన్నెలో సంగటి కలిపి పట్టుకుని ఎదురుగా కూర్చుని ఉంది. బయట నుంచి గడ్డపారల చప్పుడు వినబడుతోంది.

"ఏం చేస్తాండారు?"

"తవ్వుతాండారన్నా. నువ్వు పడిన తావునే. మోకాలు లోతు అయింది గూడ." ఆమె ముఖం వెలిగిపోతోంది. "ఎద్దులు పోయినప్పుడు ఏడ్చినా. ఈపొద్దు ఏడవలేదన్నా. నువ్వు ప్రాణం పెట్టి సూపిచ్చినావు."

శివప్ప సంగటి ముద్ద చేతిలోకి తీసుకుని నోట్లో పెట్టుకోలేకపోయాడు. తాను చేను కేసి చూడనే లేదు. పడింది నీళ్ళ వల్ల కాదు, పరగడుపున తాగిన నమిలే ఆకు వల్ల. నోరు మూసుకుంటే ఈ రోజుకు పేరు నిలుస్తుంది. బావి పడకపోతే జనం ఏదో ఒక నియమం కనిపెట్టి తప్పు దాని మీదకి తోస్తారు, తన మీదకి రానివ్వరు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. కానీ ఎదురుగా గిన్నె పట్టుకుని కూర్చున్న ఈ మనిషి బళ్ళారి దారి పడుతుంది. ముద్దను తిరిగి గిన్నెలో పెట్టాడు. లేచి, తూలుకుంటూ గుంత దగ్గరికి పోయాడు.

"ఆపండప్పా. ఆ తావు కాదు."

గడ్డపారలు ఆగాయి.

"నేను నీళ్ళకి పడలేదు ఆంజినప్పా. పొగాకుకి పడినా. ఘాటెక్కువై కండ్లు తిరిగినాయి. ఈ పొగకి నీళ్ళ సంగతి ఏం తెలుస్తాది? ఎప్పుడూ తెలీదు. ఇన్నేండ్లు మీరంటాంటే నేను గమ్మునున్నా, అది నా తప్పు."

ఆంజినప్ప నమ్మలేదు. జబ్బు మనిషిని చూసినట్టు చూశాడు. "నీకింగా ఒళ్ళు కుదుటపడలేదన్నా. పోయి పండుకో. నువ్వు ఎంత మందికి సూపిచ్చినావు, ఎన్ని బాయిలు..."

శివప్ప పైపులో మిగిలినదాన్ని మళ్ళీ వెలిగించి ఆంజినప్ప చేతికిచ్చాడు. "తాగు. ఆడ దూరంగా గట్టు మీద నిలబడి తాగు."

పైపు దొరికిందని ఆంజినప్ప మురిసిపోయాడు. గట్టు మీదికి పోయి, చిలుం లాగినట్టు గుండెల నిండా ఏడెనిమిది దమ్ములు లాగాడు. ముందు నవ్వాడు. తరువాత గట్టును పట్టుకున్నాడు. ఆ తరువాత మెల్లగా కూర్చుని, పొద్దున తిన్నదంతా కంపచెట్టుకు అప్పజెప్పి, అక్కడే వెల్లకిలా పడుకున్నాడు.

తవ్వేవాళ్ళలో ఒకడు గడ్డపార భుజాన వేసుకుని, చాలా వినయంగా అడిగాడు. "ఇంగ ఆడ గూడ తవ్వల్లనా అన్నా?"

చేనంతా నవ్వే. అక్కమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పడుకున్న ఆంజినప్ప కళ్ళు మూసుకునే, "ఒప్పుకున్నా సామీ, పొగాకే" అన్నాడు. ఇంకో నవ్వు.

నవ్వు తగ్గాక అక్కమ్మ ముఖంలో వెలుగూ తగ్గింది. "అయితే ఎట్లన్నా? యాడ తవ్వల్ల?"

శివప్ప సంగటి తిన్నాడు. పొట్ట నిండాక చేతులు నిలిచాయి. పైపు దులిపి, ఒక చిన్న బిళ్ళ నలిపి, ఈసారి గిన్నెలో సగమే నింపాడు. నిదానంగా వెలిగించాడు. ఆరిపోతుందేమో అన్నంత నిదానంగా తాగాడు. అదే పొగాకు ఇప్పుడు మర్యాదగా ప్రవర్తించింది. ఘాటు తలకెక్కకుండా నోట్లోనే ఆగి, తీపి చెప్పింది. నీడలో ఆయన, కొంచెం ఎడంగా అక్కమ్మ. అలా చాలాసేపు చేనును చూస్తూ కూర్చున్నారు. ఉత్తరం పక్కన ఒక పుట్ట ఉంది. దక్షిణం మూలలో గరిక కొంచెం పచ్చగా ఉంది. రెంటిలో ఏది? ఆయనకు తేలలేదు. ఒకే పూట చూస్తే ఎంత తెలుస్తుంది? పదకొండేళ్ళు చూసినవాళ్ళకైతే...

ఆ ఆలోచన సగంలో ఉండగానే ఆయన తల తిప్పాడు.

"అక్కమ్మా, నీ చేన్లో నీళ్ళు యాడుంటాయని నీకనిపిస్తాది?"

ఆమె తడుముకోలేదు. "ఆ తుమ్మకంప దాటినాక, ఆ పల్లం పక్క. ఏ యేడు ఎండినా ఆడ నాలుగు సాళ్ళు ఆఖరుకి వాడతాయన్నా. కలుపు తీసేటప్పుడు ఆడ మన్ను వేళ్ళకి అంటుకుంటాది, మిగతా చేన్లో రాలిపోతాది. తెల్లారి పోతే చెప్పుల్యాని కాలికి సల్లగా తగుల్తాది."

శివప్ప పైపు నోట్లోంచి తీశాడు. ఆ పల్లం వైపు పుట్టా లేదు, గరికా లేదు. తానైతే ఎప్పటికీ అటు చూపించి ఉండేవాడు కాదు.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"నన్నెవురు అడిగినారన్నా?"

కోపంగా అనలేదు ఆమె. ఉన్నమాట చెప్పింది, అంతే. శివప్ప లేచి పోయి ఆంజినప్పను తట్టి లేపాడు. ఆంజినప్ప ఆ పల్లం దాకా నడిచి, మట్టి పిసికి, నేల తట్టి, గొంతు తగ్గించి అన్నాడు. "సరేన్నా. అయినా నువ్వు రొంత ఈడికొచ్చి ఒక పొగ ఊదిపో. మా వాళ్ళకి ధైర్యం." శివప్ప నవ్వుకుంటూ వచ్చి ఊదాడు. గాలికి పొగ ఆ తావు మీద వంగకుండా సరిగ్గా ఎదురు దిక్కుకు పోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆరు గజాల్లో బండ తగిలింది. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. ఆడమనిషి మాట విని తవ్వుతున్నారట అన్నారు. అక్కమ్మ మాత్రం పొద్దున్నే వచ్చి గుంత ఒడ్డున నిలబడేది, తట్టలు మోసేది. శివప్ప రోజూ పూటకొక పైపు అక్కడే తాగేవాడు. ఇప్పుడు ఆ పొగ కేసి ఎవరూ కళ్ళు చిట్లించుకుని చూడటం లేదు. ఆకాశం చూస్తూ, గడ్డపారల చప్పుడు వింటూ, ఆయన ఇంత హాయిగా ఎప్పుడూ తాగలేదు. ఇరవై మూడో రోజున బండ పగిలింది. పదకొండో గజంలో ఆంజినప్ప కింది నుంచి ఏదో అరిచాడు. మాట అర్థం కాలేదు గాని గొంతు అర్థమైంది. పైకి వచ్చిన తట్టలో మట్టి నల్లగా, కారుతూ ఉంది. అక్కమ్మ ఆ తట్ట ముందు కూలబడి రెండు చేతులూ మోచేతుల దాకా ఆ బురదలో పెట్టి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. సాయంత్రానికి బావిలో నడుము లోతు నీళ్ళు.

మూడో నాడు కంబదూరు నుంచి ఒక రైతు బండి కట్టుకుని వచ్చాడు. ఓబుళేసని, పది ఎకరాల మనిషి. కొత్త బావి దగ్గర పైపు తాగుతున్న శివప్పకు నమస్కారం పెట్టి, తన చేలోకి కూడా రావాలని, పొగ పెట్టాలని అడిగాడు.

"ఈ బాయి సూపిచ్చింది నేను కాదప్పా, ఈయమ్మ" అన్నాడు శివప్ప.

ఓబుళేసు అయోమయంగా చూసి, సరేనని, అక్కమ్మనే రమ్మన్నాడు. ఆమె బావిలోంచి చేదతో తోడిన నీళ్ళు ఒక చిన్న మడికి పోస్తూ నడుం ఎత్తింది.

"మీ చేను నాకేం తెలుస్తాదన్నా? మీ చేన్లో ఏటేటా కలుపు తీసేదెవురు? ఆయమ్మని అడుగు."

ఓబుళేసు చాలాసేపు ఆలోచించాడు. ఎవరో తెలుసు. పొట్టిగా ఉంటుంది, ఎడమ చేత్తో కలుపు తీస్తుంది, ఇరవై ఏళ్ళుగా వస్తోంది. పేరు మాత్రం నోటికి రాలేదు. తల గోక్కున్నాడు.

శివప్ప పైపు దులిపి, డబ్బా మూత తీశాడు.

"పోయి పేరు కనుక్కోని రాప్పా. అంతలోపల నేను ఇంగొక పైపు తాగుతా."